ఆఖరి కొయ్యబుడ్డి

తరిమెన యంత్రం మీద బీచ్ చెట్టు కర్ర గిర్రున తిరుగుతోంది. వడ్రంగి ఫుల్బేర్ ఉలిని దాని మెడకు ఆనించాడు. కొయ్యబుడ్డి సొగసంతా మెడలోనే ఉంది. అక్కడ చేయి వెంట్రుకవాసి ఎక్కువ పడిందా, తల ఊడి చూరుకు తగులుతుంది. నలభై రెండేళ్ళలో అలా ఎగిరిపోయిన తలలు పదకొండే. ఇంత తక్కువ నష్టంతో గట్టెక్కిన సేనాని ఫ్రాన్సు చరిత్రలో లేడని ఇర్మా కెఫేలో అతను కోతలు కోసేవాడు. కోతే అతని వృత్తి మరి, కోయక ఏం చేస్తాడు!

పేళ్ళు చుట్టలు చుట్టలుగా జారి బూట్ల మీద పడుతున్నాయి. ఎడమ బూటు అడుగున రెండు వేళ్ళ మందం చెక్క ఉంది. అదీ అతను తరిమెన పట్టిందే. కనుబొమల మీద పొడి పేరుకుని, అరవై నాలుగేళ్ళ మనిషి ఎనభై నాలుగేళ్ళవాడిలా కనిపిస్తున్నాడు.

బుడ్డి దించి గరుకు కాగితంతో రుద్దాడు. సన్న కుంచెతో పొట్ట మీద నీలి అక్షరాల్లో 'లుదోవిక్' అని రాశాడు. దాని కింద ఎర్రగా ఒక సున్నా చుట్టాడు. ఇన్నేళ్ళుగా నేల మీద పేళ్ళు, బుడ్డి మీద పేర్లు. పేర్లు మారేవి, సున్నా మాత్రం మారేది కాదు. నిర్బంధ సైనికుడు బారకాసులో అడుగుపెట్టిన రోజు నుంచీ ఇంకా ఎన్ని రోజులని లెక్కపెడతాడు. లెక్క సున్నాకు దిగిన ఉదయం ఈ కొయ్యబుడ్డి మెడలో వేలాడేసుకుని, గొంతు చించుకుని అరుస్తూ గేటు దాటుతాడు. బంతితో పడగొట్టే ఆటబుడ్డికీ ఇంటికి పోవడానికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. ఆచారానికి ఆరా ఎందుకు?

బుడ్డిని పొయ్యి పక్కన ఆరబెట్టి, ఫ్రాన్సు జెండా మూడు రంగుల రిబ్బను కత్తిరించాడు. ఈ రిబ్బను అతనే సైనికుల మెడలో వేసేవాడు. అతని మెడలో మాత్రం ఎవరూ వేయలేదు.

పంతొమ్మిది వందల యాభై ఏడులో ఊళ్ళో ఒకే ఈడువాళ్ళు ఏడుగురు బట్టలు విప్పి సైనిక వైద్యుడి ముందు వరసకట్టారు. ఆరుగురిని అల్జీరియా యుద్ధానికి పంపారు. ఏడోవాణ్ణి బట్టలు వేసుకోమన్నారు. లోకంలో కాలం కలిసిరాలేదంటారు, ఫుల్బేర్‌కు కాలే కలిసిరాలేదు. సైన్యానికి పనికొచ్చినవాడే పిల్లకూ పనికొస్తాడని ఆ ఊళ్ళో సామెత. ఆ సామెత పుణ్యమా అని అతని ఇంట్లో ఒకటే కుర్చీ, ఒకటే గిన్నె. తిరిగొచ్చిన మిత్రుల కోసం మొదటి బుడ్డి చెక్కాడు. ఆ తరవాత రెజిమెంటు మొత్తానికీ చెక్కాడు.

ఇప్పుడా నిర్బంధ సైనికసేవ రద్దయింది. ఇకమీదట పట్టుకొచ్చిన సైన్యం కాదు, సైను చేసిన సైన్యం. పట్టుకొచ్చినవాళ్ళలో ఇంటికి పోవలసినవాడు ఒక్కడే మిగిలాడు, వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీసే లుదోవిక్. ఈ ఒక్క బుడ్డీ వాడి మెడలో పడితే ఫుల్బేర్ పని సలక్షణంగా ముగిసినట్టే.

బారకాసు గేటు ఎదురుగా ఇర్మా తన కెఫే తలుపు తీస్తూనే పలకరించింది. ఆమె భర్త పోయి పన్నెండేళ్ళు. అంతకుముందూ ఆ తరవాతా రోజూ ఉదయం ఆమె పలకరింపు అదే.

"ఎన్ని?"

"నా లెక్క మొదలైతే కదే, మిగలడానికి!"

"నలభై ఏళ్ళుగా అదే జోకు. కొత్తది చెక్కరాదూ?"

"కొత్తదానికి కర్ర దొరకట్లేదు."

ఆమె కాఫీ పోసింది. అతను నిలబడే తాగి గేటు దగ్గరికి కుంటుకుంటూ పోయాడు. ఒకప్పుడు ఈ గేటులోంచి రెండు వందల మంది టోపీలు ఎగరేసుకుంటూ ఒక్కసారిగా దూసుకొచ్చేవాళ్ళు. ముద్దుల కోసం అమ్మాయిలు, సంచుల కోసం తల్లులు, మెడల కోసం ఫుల్బేర్ కాచుకునేవాళ్ళు. ఈవేళ నవంబరు చినుకు, కాపలా సైనికుడు, అతను.

పది గంటలకు చిన్న తలుపు తెరుచుకుంది. లుదోవిక్ వచ్చాడు. యూనిఫాం ఇస్త్రీ నలగలేదు. చేతులు ఖాళీ.

"సంచేదిరా?"

"లోపలే ఉంది తాతా." వాడు బూట్ల వంక చూశాడు. "నిన్న సంతకం పెట్టేశా. ఐదేళ్ళు."

"ఓరి నీ! వచ్చిన రోజు నుంచీ గోడ మీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టింది నువ్వే గదరా!"

"అప్పుడు పోనిచ్చేవాళ్ళు కాదు, అందుకే పోవాలనిపించేది. ఇప్పుడు పొమ్మంటున్నారు. ఎక్కడికి పోను? మా ఊళ్ళో నూలుమిల్లు మూసేశారు."

ఫుల్బేర్ కోటులోంచి బుడ్డి తీసి చాచాడు. "అయినా ఇది నీదే. పేరు కూడా రాశాను."

లుదోవిక్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఉండిపోయేవాడు అది ముట్టుకోకూడదంట, అచ్చిరాదంట. నువ్వే వేసుకో తాతా."

"లోపలికే పోనివాడికి విడుదలేంట్రా?"

"నలభై రెండేళ్ళు ఈ గేటు ముందే నిలబడ్డావు. మా పెద్ద సార్జెంటుకే అంత సర్వీసు లేదు!" వాడు నవ్వాడు. ఇంకేదో అనబోయాడు. లోపల ఈల మోగింది. వాడు ముసలాయన చేతిని పట్టుకుని గబగబా ఊపేసి లోపలికి పరుగెత్తాడు. చిన్న తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఫుల్బేర్ వెనుదిరిగాడు. తిరిగొస్తుంటే ఇర్మా గుమ్మంలోంచి చూసి, అతని చేతిలో ఉన్నదాన్ని గమనించింది. 

"సాయంత్రం సూప్ తెచ్చిస్తావా?" అన్నాడు.

"ఏం, కాలు నొప్పా?"

"కాలు ఎప్పుడూ ఉండేదేలే." అతను ఎడమ భుజం రుద్దుకున్నాడు. "నడవబుద్ధి కావట్లేదు."

పనిగదిలో దీపం వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. తరిమెన జోలికి పోలేదు. బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని గరుకు కాగితం అందుకున్నాడు. నీలి అక్షరాలు ఒక్కొక్కటే పొడయి మోకాళ్ళ మీద రాలాయి. తరవాత రిబ్బను ముడి విప్పి, కాస్త వదులు చేసి మళ్ళీ వేశాడు.

దీపాలు పెట్టే వేళకు ఇర్మా ఉల్లికాడల సూప్ గిన్నె గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఎన్ని?" అని గుమ్మంలోంచే కేకేసింది. అతను కుర్చీలోనే ఉన్నాడు, గడ్డం గుండెల మీదికి వాలి. పొయ్యి ఆరిపోయింది. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఆ తరవాత అతని వేళ్ళ మధ్యనుంచి గరుకు కాగితం మెల్లగా తీసింది. కనుబొమల మీది పొడి ఏప్రన్ అంచుతో తుడిచింది. ఒకటే కుర్చీ కాబట్టి నిలబడే ఉంది.

సూప్ పక్కన, అతనే నిలబెట్టిన కొయ్యబుడ్డి నిటారుగా ఉంది. పేరు ఉన్నచోట కర్ర తెల్లగా బయటపడింది, కింద ఎర్ర సున్నా అలాగే ఉంది. మెడలోని మూడు రంగుల రిబ్బను ముడిలో ఒక నెరిసిన వెంట్రుక చిక్కుకుని ఉంది.