ఆమేన్ అంటేనే ముద్ద

క్రీస్తు ప్రేమ ఎలా ఉంటుందో ఎక్కడో వెతకనక్కర్లేదని, కొత్తపేట రోడ్డు దిగి దీనమ్మ ఇంటికి వెళ్ళి చూస్తే చాలని ఆ ఊళ్ళో చెప్పుకునేవారు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని ఆమె చంటిపిల్లలా సాకుతోంది. రాహేలమ్మ వీపు మీద ఒక్క పుండు లేదు. తలకి నూనె రాసి దువ్వి ఉంటుంది. దుప్పటి మల్లెపువ్వులా ఉంటుంది. గదిలోకి వెళితే పౌడరు వాసన తప్ప ఇంకో వాసన రాదు. పాస్టరమ్మ విజయకుమారి గారు స్త్రీల సమాజంలో రెండుసార్లు దీనమ్మ పేరెత్తి మెచ్చుకున్నారు. అది విని కోడళ్ళు తలలు వంచుకున్నారు, అత్తలు నిట్టూర్చారు.

ఆ ఇంట్లో అన్నం వేళకి ఏం జరుగుతుందో మాత్రం అక్షయ ఒక్కదానికే తెలుసు.

అక్షయ దీనమ్మ కూతురు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. బళ్ళో హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినిపించేది కాదు.

పన్నెండున్నరకి దీనమ్మ మెత్తగా కలిపిన చారన్నం స్టీలు గిన్నెలో తెచ్చి, మంచం పక్కన స్టూలు మీద పెడుతుంది. ఆవిరి ముసలామె ముఖానికి తగిలేంత దగ్గరగా పెడుతుంది. కొంగు తల మీదికి లాక్కుని ప్రార్థన మొదలెడుతుంది. పాస్టరుగారి కోసం, సంఘం కోసం, ముమ్మిడివరంలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే భర్త రాజ్‌కుమార్ కోసం, రొయ్యకి తెగులు తగలకుండా, దేశాన్నేలేవాళ్ళకి మంచి బుద్ధి పుట్టేలా, ఆఖరికి పక్కింటివాళ్ళ జబ్బు దూడ కోసం కూడా ప్రార్థిస్తుంది. గిన్నెలో ఆవిరి చచ్చేదాకా ప్రార్థన సాగుతుంది. అప్పుడు కళ్ళు తెరిచి, ఎన్నడూ పెంచని గొంతుతో అంటుంది.

"ఆమేన్ అనండి అత్తయ్యగారూ."

రాహేలమ్మకి కుడిచెయ్యి, కుడికాలు, మాట ఒక్కరోజే పడిపోయాయి. ఆమె నోరు వంకర తిరుగుతుంది, గొంతు నరాలు ఉబ్బుతాయి, గాలి తప్ప ఏమీ రాదు. దీనమ్మ వేళ్ళు మడుస్తూ పది దాకా లెక్కపెడుతుంది. పది కాగానే గిన్నె పట్టుకుని లేస్తుంది.

"ఆకలి లేనట్టుందండి. పోనీలెండి, సాయంత్రం చూద్దాం."

మొదట్లో వారం రోజులు గంజినీళ్ళే గతి అయ్యాయి. రెండోవారం ఆ గొంతులోంచి 'ఆ' అని వచ్చింది. దానికి రెండు చెంచాలు దక్కాయి. ఇంకో వారానికి 'ఆ... ఏ' అని వచ్చింది. దానికి నాలుగు చెంచాలు. మిగతా అన్నాన్ని దీనమ్మ "నడిమధ్యలో మాట మింగేసేరండి" అని చెప్పి, కిటికీలోంచి కనిపించేలా పెరట్లో కుక్కకి పెట్టేది. దుప్పటి మాత్రం ఏ రోజుకారోజు మార్చేది. నెలా పదిహేను రోజులకి రాహేలమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు జబ్బు మనిషి కదా, చిక్కదా అనుకున్నారు.

అత్తా ఒకింటి కోడలే అంటారు. రాహేలమ్మ ఆ సంగతి మరిచిపోయి చాలా ఏళ్ళు బతికింది. దీనమ్మ అసలు పేరు గంగాభవాని. ఏటిమొగ దగ్గర చేపల వేటకెళ్ళేవాళ్ళ పిల్ల. రాజ్‌కుమార్ మనసుపడి చేసుకున్నాడు. బాప్తీస్మం ఇచ్చి పేరు మార్చారు. పేరు మారితే చాలదు, మనిషి మారాలంది రాహేలమ్మ. పూటపూటా ప్రభువు నేర్పిన ప్రార్థన తప్పుల్లేకుండా అప్పజెప్పాలి. అప్పజెబితే కంచం ముందుకొచ్చేది, ఒక్క మాట తడబడితే లోపలికి వెళ్ళిపోయేది. కడుపుతో ఉన్నా అదే వరస. ఆ మొదటి కాన్పు నిలవలేదు. ఇదంతా దీనమ్మ ఒకరోజు చింతపండులో గింజలు తీస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు కూతురికి చెప్పింది. "ప్రార్థనంటే ఏంటో నాకు నేర్పింది మీ మామ్మే" అని, గింజలు చాటలోకి దులిపేసి లేచింది.

అక్షయకి గుర్తున్న మామ్మ వేరు. చిన్నప్పుడు పీట మీద కూర్చోబెట్టి, ముద్ద పైకెత్తి పట్టుకుని, "ఆమేన్ అంటేనే ముద్ద" అనేది. అక్షయ గట్టిగా ఆమేన్ అని పిట్టపిల్లలా నోరు తెరిచేది. ఇద్దరూ నవ్వుకునేవారు. అది ఆట. ఇప్పుడు జరుగుతున్నదీ అదే ఆట అని తెలిశాక ఆ పిల్లకి అన్నం సయించడం మానేసింది.

ఒకసారి అమ్మ నీళ్ళకెళ్ళినప్పుడు అరటిపండు మెదిపి మామ్మ నోట్లో పెట్టింది. దీనమ్మ వచ్చి, అత్తగారి గడ్డం మీది మరకని తడిగుడ్డతో తుడిచింది. కూతుర్ని ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం గిన్నె తెచ్చి అక్షయ చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు. పద్ధతి తెలుసుగా" అని గుమ్మంలో కూర్చుంది. అక్షయ "ఆమేన్ అను మామ్మా" అంది. మామ్మ ఆ పిల్ల వంక చూసిన చూపు ఆ పిల్లని చాలారోజులు నిద్రపోనివ్వలేదు.

ఆదివారం ఇంటికొచ్చిన తండ్రికి చెప్పింది. రాజ్‌కుమార్ తల్లి గదిలోకి వెళ్ళాడు. దుప్పటి చూశాడు, పౌడరు వాసన పీల్చాడు. మీ అమ్మని ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంటే నీకు కళ్ళు కుడుతున్నాయా అని కసిరి, మర్నాడు చెరువులకి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది పాస్టరమ్మగారే. గురువారం స్త్రీల కూడిక దీనమ్మ ఇంట్లో అని గుళ్ళో చెప్పినప్పుడు అక్షయ మనసులో ఒక వాక్యం కట్టుకుంది. మామ్మకి అన్నం పెట్టట్లేదండి. మూడే మాటలు. పాచి ఊడుస్తూ, బట్టలు ఆరేస్తూ ఆ మూడు మాటలే లోపల చెప్పుకుంది. ప్రభువా, ఒక్కసారికి నాకు గొంతు ఇయ్యి అని అడుక్కుంది.

గురువారం పొద్దుటి నుంచి దీనమ్మకి చేతినిండా పనే. చాపలు దులపాలి, సెనగలు ఉడకబెట్టి గుగ్గిళ్ళు తాలింపు వెయ్యాలి, టీకి పాలు తేవాలి. అత్తగారికి ఇస్త్రీ చీర కట్టింది. అన్నం మాట ఎత్తలేదు. నాలుగింటికి పాతికమంది ఆడవాళ్ళు వచ్చి గదిలోనూ వసారాలోనూ సర్దుకున్నారు. పాటలు పాడారు. విజయకుమారి గారు రాహేలమ్మ తల మీద చెయ్యి పెట్టి కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు.

ఆ గొంతులన్నీ ఆగాక మంచం మీంచి వినిపించింది.

"ఆ... మేన్."

ఈసారి రెండు ముక్కలూ పూర్తిగా వచ్చాయి. గది గదంతా గొల్లుమంది. స్తోత్రం, స్తోత్రం అంటూ ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో మోకాళ్ళ మీద పడ్డారు. మూగ నోరు తెరిపించాడు తండ్రి అని పాస్టరమ్మగారు ఏడుస్తూ, ఇంకోసారి అనమని అడిగారు. రాహేలమ్మ అంది. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అంది.

అన్నప్రతిసారీ ఆమె నోరు తెరిచే ఉంచుతోంది. అందులో ఎండి తెల్లబడ్డ నాలుక ఉంది. ఆమె కళ్ళు ఎవరి ముఖమూ చూడటం లేదు. ఖాళీ స్టూలు వైపు చూస్తున్నాయి.

అక్షయ లేచింది. ఆ పిల్ల లేవడం చూసి పక్కనున్నవాళ్ళు జరిగి దారిచ్చారు. మొదటిసారి చెప్పింది ఎవరికీ వినబడలేదు. విజయకుమారి గారు వంగి, దగ్గరికి తీసుకుని, ఏంటన్నావమ్మా అని అడిగారు. అక్షయ కట్టుకున్న మూడు మాటలూ చెదిరిపోయాయి. నోటికొచ్చింది చెప్పేసింది.

"మామ్మకి ఆకలేస్తోందండి. ఆమేన్ అంటే గానీ అమ్మ అన్నం పెట్టదండి."

దీనమ్మ చేతిలో గుగ్గిళ్ళ పళ్ళెం కదలకుండా ఆగింది. విజయకుమారి గారు ఒక్కసారి అక్షయని, ఒక్కసారి దీనమ్మని చూశారు. తరువాత ఆమె ముఖం వెలిగిపోయింది.

"విన్నారా అమ్మా? మంచంలో ఉన్న మనిషిని కూడా ప్రార్థన లేకుండా మెతుకు ముట్టనివ్వదంట. ఇదండీ క్రైస్తవ కుటుంబం అంటే. మనం పిల్లలకి టీవీ ముందు అన్నం పెట్టేస్తున్నాం."

అందరూ దీనమ్మ వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది. కొంగు సర్దుకుంది.

"నా గొప్పేం లేదండి. ఆవిడ నేర్పిందే."

"ఆదివారం ఈ మాటే నువ్వు మైకులో చెప్పాలమ్మా అక్షయా. ఇదే నీ మొదటి సాక్ష్యం" అని పాస్టరమ్మగారు ఆ పిల్ల తల నిమిరారు. దేవుడు చేసిన మేలుకి కృతజ్ఞతగా రేపు ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండండన్నారు. పెద్దావిడకి వద్దులే అని కూడా అన్నారు.

"ఆవిడ ఒప్పుకోరండి" అంది దీనమ్మ. "ముప్పై ఏళ్ళుగా ఒక్క శుక్రవారం తప్పలేదు. మంచం పట్టేరని మాన్పిస్తే మనసు కష్టపెట్టుకుంటారు."

అవునవునన్నారు రాహేలమ్మని ఎరిగినవాళ్ళు. గుగ్గిళ్ళు తిన్నారు, టీ తాగారు, వెళుతూ వెళుతూ ఒక్కొక్కరే మంచం దగ్గరికొచ్చి ఆమేన్ అనిపించుకుని వెళ్ళారు.

చివరి మనిషి వీధి మలుపు తిరిగాక అక్షయ వంటింట్లోకి వెళ్ళింది. దాక్కోలేదు. అమ్మ చూస్తుండగానే అన్నంలో చారు పోసి మెదిపి, గిన్నె పట్టుకుని మామ్మ పక్కన కూర్చుంది. దీనమ్మ అడ్డు రాలేదు. గుమ్మానికి చేరగిలబడి నిలబడింది.

అక్షయ చెంచా పెదాల దగ్గర పెట్టింది. పెదాలు విడలేదు.

"తిను మామ్మా. ఏమీ అనక్కర్లేదు."

రాహేలమ్మ పెదాలు ఇంకా బిగించింది. చారు గడ్డం మీదికి కారింది. ఆమె కళ్ళు గుమ్మం వైపు వెళ్ళి, భయంతో తిరిగొచ్చి, మనవరాలి చేతుల మీద ఆగాయి. ఆ చేతులు జోడిస్తుందేమోనని చూస్తున్నాయి. అక్షయ బతిమాలింది. బుగ్గలు నిమిరింది. వేలితో పెదాలు విడదీయబోతే ముసలామె తల పక్కకి తిప్పుకుంది. గిన్నెలో ఆవిరి తగ్గిపోతోంది.

చివరికి అక్షయ గిన్నె స్టూలు మీద పెట్టింది. కొంగు లేదు గనుక చున్నీ తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ ఆహారాన్ని దీవించు అని మాత్రం అంది. కళ్ళు తెరిచి చెంచా ఎత్తింది.

రాహేలమ్మ వెంటనే నోరు తెరిచింది. కానీ సాయంత్రం నుంచీ పాతికమందికి చెప్పి చెప్పి అలిసిన గొంతు. "ఆ... ఏ" అని మాత్రమే వచ్చింది.

అక్షయ చెంచా గాల్లో ఆగిపోయింది. ఎందుకాగిందో ఆ పిల్లకి వెంటనే తెలియలేదు. గుమ్మంలో అమ్మ చిన్నగా నవ్వడం వినిపించాక తెలిసింది, తను రెండో ముక్క కోసం ఎదురుచూస్తోందని.