ఏరి ఇచ్చిన పసుపు

ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడింటికి. పొద్దుటి నుంచి ఆశ్రిత కుదురుగా కూర్చోలేదు. లాప్‌టాప్ తెరవడం, మూయడం, కిటికీ దగ్గరికి వెళ్లి లాల్‌దర్వాజా సందులో ఇరుక్కున్న ఆటోలను చూడడం, మళ్లీ వచ్చి తెరవడం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగిసేలోగా ఒక వేసవైనా పరిశోధనశాలలో పనిచేయాలని ఆమె కోరిక. చలికాలమంతా ఆచార్యులకు ఉత్తరాలు రాసింది. చాలామంది జవాబివ్వలేదు, కొందరు మర్యాదగా కాదన్నారు. పిలిచింది ఈ ఒక్క సంస్థే. దాని ప్రకటనలో ఒక వాక్యం స్పష్టంగా ఉంది: ఎవరితోనైనా సిఫార్సు చేయిస్తే దరఖాస్తు తిరస్కరిస్తాం.

కింద మసాలా దినుసుల టోకు దుకాణం నడిపే ఆమె తండ్రి బాలకిషన్ మెట్లెక్కి వచ్చాడు. ముఖంలో గెలుపు కనిపిస్తోంది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. మన పక్క దుకాణం దస్తగీర్ భాయ్ తమ్ముడు గా ఆఫీసులనే ఉంటడట. నిన్ను ఇంటర్వ్యూ చేసే మేడమ్‌కు నీ గురించి ఒక మాట చెప్పించిన.”

“ఏం చేసినవ్ బాపూ? ఎవ్వరితోని చెప్పియ్యద్దని రాసిండ్రు!”

“అందరు గట్లనే రాస్తరు. మన దుకాణంల ఉద్దెర లేదని బోర్డు పెట్టిన. ఇస్తలేనా?”

“ఇది దుకాణం కాదు. నన్ను తీసేస్తరు!”

“గింతదానికి లొల్లేంది? మరి నీ పసుపు పొట్లాలు ఎట్లొచ్చినయ్? నేను ఫోన్ కొడితేనే కదా దుకాణపోళ్లందరు మంచి మాల్ తీసి పెట్టిండ్రు.”

గదిలో తిరుగుతున్న ఆశ్రిత ఆగింది. “మంచి మాలా?”

“మరి? బాలకిషన్ బిడ్డకు ఖరాబ్ మాల్ ఇస్తరా? వాళ్ల ఇజ్జత్ పోదా?”

పాతబస్తీ దుకాణాల పసుపు పొడిలో కృత్రిమ రంగు కలుస్తోందా అన్నది ఆమె పరిశోధన. కాలేజీ ల్యాబులో ప్రతి పొట్లంలోని పొడి మీదా యాసిడ్ వేసి చూసింది. కృత్రిమ రంగు కలిసి ఉంటే గులాబీ రంగుకు తిరగాలి; ఏదీ తిరగలేదు. కల్తీ లేదని దరఖాస్తు మొదటి పేజీలోనే రాసింది. పరీక్షలో లోపం లేదు. పరీక్షకు వచ్చిన పసుపునే ఎవరో ముందుగా ఎంపిక చేశారు. అంటే ఆమె ఇన్నాళ్లూ కొలిచింది తండ్రికి బజారులో ఉన్న మర్యాదను.

దస్తగీర్ తమ్ముడు చెప్పడం మరిచిపోయి ఉండవచ్చు. పొట్లాల సంగతి ఎవరూ అడగకపోవచ్చు. ఆధారంలేని ఈ రెండు ఆశల మధ్య ఆమె మూడింటిదాకా గదిలో తిరుగుతూనే ఉంది.

తెరమీద కళావతి అనే శాస్త్రవేత్త కనిపించింది. అడగరనుకున్నదే మొదట అడిగింది.

“ఫలితాలు చూశాను. శాంపిళ్లు ఎలా సేకరించారు?”

“మా బాపు ఫోన్ చేసి తెప్పించారు మేడమ్. ఎవరి కోసమో తెలిసి, దుకాణాలవాళ్లు మంచివి ఏరి ఇచ్చారు. నాకు ఇవాళే తెలిసింది. ఆ ఫలితం పనికిరాదు. నా గురించి మీకు ఫోన్ వచ్చి ఉంటే, అది కూడా ఆయన చేయించిందే.”

“వచ్చింది. చేయించింది మీరా, మీ నాన్నగారా అన్న తేడా నిబంధనలో లేదమ్మా. ఈసారి మిమ్మల్ని తీసుకోలేం.” కళావతి కాగితాలు పక్కన పెట్టింది. “శాంపిళ్లు మళ్లీ సేకరించండి. చలికాలంలో ఇంకో ప్రకటన వస్తుంది.”

ఆశ్రిత కిందికి దిగింది. బాలకిషన్ త్రాసు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఏమన్నరు?”

“వద్దన్నరు. నువ్వు ఫోన్ కొట్టించినందుకే.”

“నీ మంచికే అనుకున్న బిడ్డా.” ఆయన మాట సన్నబడింది.

“బాపూ, మన దుకాణంల నుంచి నువ్విచ్చిన పొట్లం గూడ ఏరిందేనా?”

ఆయన శుభ్రంగానే ఉన్న త్రాసు పళ్లేన్ని గుడ్డతో తుడిచాడు.

“అది ఇంట్లకని పక్కకు పెట్టిన పసుపు.”

“మరి అమ్మేది?”

“గోదాంల ఉన్నది. నేనేం కలుపలే. వచ్చింది వచ్చినట్టు అమ్ముత. ఆడ మిల్లుల ఏం కలిపిండ్రో నాకేం ఎర్క?”

“నాకు అదే గావాలె.”

“ఒకవేళ ఖరాబ్ వస్తే? దుకాణం పేరు రాస్తవా?”

“రాస్త.”

బాలకిషన్ గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత గోదాం తలుపు తీశాడు. ఆశ్రిత ముందున్న బస్తాలు దాటి వెళ్లి, గోడవారగా అన్నిటికంటే అడుగున ఉన్న బస్తా మీద చేయి పెట్టింది. ఆయన హమాలీ ఎల్లేష్‌ను పిలిచి, పైవన్నీ దించమన్నాడు.