కొండవాలున కలువకొలను

శరదారంభమున వర్షధౌతశిలాతలములపై బాలాతపము పసిఁడినీరు చల్లినట్లు పరచుకొనుచుండఁగా నల్లకొండ వాలునందలి తన పెరటిలో వృద్ధుఁడగు విరూపాక్షయ్య మద్దిదూలములు దొంతరగాఁ బేర్చుచుండెను. కోడలు హైమవతికొక కలువకొలను గట్టియీయవలెనని యాతని సంకల్పము.

కలువలు నిండిన కొల్లేటిసరస్సు దరినుండి యా మెట్టసీమకుఁ గాపురమునకు వచ్చిన యా సాధ్వి, గడచిన మాఘమునఁ దల్లికి జబ్బుచేసినదని కబురందఁగాఁ బుట్టినింటికిఁ బోవ ననుజ్ఞ వేఁడెను. పసుపు వండు తొందరలోనున్న విరూపాక్షయ్య యది పని తప్పించుకొను నెపమని తలంచి, "పసుపెండిన పిమ్మటఁ బొమ్ము" అని కఠినముగాఁ బలికెను. కుమారుఁడు తండ్రి కెదురాడనేరఁడయ్యెను. పసుపెండక మునుపే తల్లి మరణవార్త వచ్చెను. నాఁటినుండి హైమవతి మామగారికి వేళకు వడ్డించుచుండెనే కాని యవసరమునకు మించి యొక్కమాటయు నాడదయ్యెను.

రాతినేల త్రవ్వుటకు లొంగదయ్యెను. కావున నాతఁ డెగువప్రక్క నొక్క దూలమును నేలనంటించి దిగువప్రక్క నడుమెత్తు గోడవలెఁ బేర్చి యంచులన్నియు నొక్క మట్టమునకుఁ దెచ్చెను. నీరు నింపినతోడనే దిగువగోడ యొరగి నీరెల్ల లోయపాలయ్యెను. అంతట నాతఁడు గోడ విప్పి లోతుగా గుంజలు పాఁతి వెలుపల నూఁతకోలలు చేర్చి మరలఁ బేర్చి రసమట్టముతో నంచులు సరిచూచి లోపల జిగటమన్ను మెత్తెను. పిదపఁ గలువదుంపలకై తానే కొల్లేటిదరి వియ్యాలవారింటికిఁ బోయెను.

హైమవతి యన్న దుంపలిచ్చుచు, "పడవ సవ్వడి వినఁబడినపుడెల్ల మా యమ్మ, హైమ వచ్చెనాయని యడుగుచుండెడిది" అనెను. విరూపాక్షయ్య తలవంచుకొని మరలివచ్చి దుంపలు కొలనిలో నాటి నీరు నింపెను.

మార్గశిరమున నొక వెన్నెలరేయిఁ దొలికలువ విచ్చెను. తెల్లవాఱఁగనే, యది ముడుచుకొనక మునుపే, యాతఁడు కోడలిని బిలిచి చూపెను. ఆమె వంగి నీటిని మునివ్రేళ్లతో స్పృశించి, "చక్కగానున్నది మామగారూ" అని, తడివ్రేళ్లు కొంగునఁ దుడుచుకొని, "మా యమ్మ నన్నుగూర్చి యడిగినట్లు అన్న చెప్పెనా?" అనెను.

నాలుకదాఁక వచ్చిన యబద్ధమును మ్రింగి యాతఁడు, "అడిగెనఁట తల్లీ. పడవ వచ్చినపుడెల్ల నడిగెనఁట. నిన్నాపినవాఁడను నేనే" అనెను.

ఇంతకాలము బిగఁబట్టిన దుఃఖము కట్టలు తెంచుకొనఁగా నామె కొంగు నోటికడ్డమిడుకొని చాలసే పేడ్చెను.

"రేపు నేనే నిన్నుఁ బుట్టినింటికిఁ దోడ్కొని పోయెదను."

"ఇఁక నచట నాకొఱ కెదురుచూచువా రెవరు మామగారూ?"

ఆ ప్రశ్నయందుఁ గినుక లేదు; ఉండినచో నాతఁడు సహింపఁగలిగి యుండెడివాఁడు. ఆమె కన్నులు తుడుచుకొని వంటయింటిలోని కేఁగెను. విరూపాక్షయ్య మాత్ర మొక్కబొట్టయినఁ గాఱని యా కొలనిదరి నెండ నడినెత్తి కెక్కుదాఁక నిలిచియుండెను.