తిల్లి

మీల్ మేకర్ అని ఆ పేరు ఎవరు పెట్టారో గాని, వేడినీళ్ళలో నానబెట్టి పిండుతుంటే గిన్నెలు తోమే పీచును పిండుతున్నట్టే ఉంది, దీన్ని ముక్క అనుకొని తినమంటారు, ముక్కంటే పంటికి తగలాలి, నమిలితే లోపలి నుంచి రసం రావాలి, ఇది ఎంత నమిలినా మనం వేసిన కారాన్నే మనకు తిరిగి ఇస్తుంది, అయినా రెండేళ్ళ నుంచి ప్రతి ఆదివారం ఇదే పిండుతున్నాను, గొర్రెలు కాసుకొని బతికే కురుమోళ్ళ ఇంట్లో ఒక పొయ్యి మీద పొట్టేలు కూర, ఇంకో పొయ్యి మీద ఈ పీచు, మా కోడలు మల్లీశ్వరి కోసం, ఆమె నారాయణపేట లింగాయతుల పిల్ల, మెడలో వెండి లింగకాయ, గుడ్డు కూడా ఎరగదు, మా విజేందర్ చీరల పార్శిళ్ళ బండి తోలుకుంటూ ఆ ఊరు పోయీ పోయీ చీరలతో పాటు ఈ పిల్లను కూడా ఎక్కించుకొచ్చాడని నేనిప్పుడు నలుగురిలో నవ్వుతూ చెబుతాను గాని అప్పుడు నవ్వు రాలేదు, ఈ పిల్లకు ఏం వండాలి దేవుడా అని ఏడుపే వచ్చింది, సరే, అదంతా అయిపోయింది, ఇప్పుడు చేతులు మీల్ మేకర్ పిండుతున్నాయి గాని కన్ను మాత్రం కిటికీలో పెట్టిన మోదుగాకు పొట్లం మీద ఉంది, పొట్లంలో తిల్లి ఉంది, పొట్టేలు కడుపులో పేగుల పక్కన నాలుకలా అతుక్కొని ఉండే నల్లటి ముక్క, పొద్దున మెహమూద్ కొట్టుకు పోయి తిల్లి ఉన్నదా అంటే, ఎవరికమ్మా, ఎవరికన్న పానం బాగ లేదా అన్నాడు, తిల్లి అడిగిన వాళ్ళనందరినీ అతను అదే అడుగుతాడు, ఎందుకంటే దాన్ని రుచి కోసం ఎవరూ కొనరు, ఒంట్లో రక్తం తగ్గిన వాళ్ళ కోసమే కొంటారు, నాకే అన్నాను, దిట్టంగా నిలబడి ఉన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు, జర నిప్పుల మీద కాల్చమ్మా, నూనెల ఎయ్యకు అన్నాడు, కురుమదానికి తిల్లి కాల్చుడు నేర్పుతున్నవా అని కసిరి వచ్చేశాను, అబద్ధం చెప్పినప్పుడు నా నోరు కొంచెం పెద్దదవుతుంది.

మొన్న దవాఖానలో సిస్టర్ కాగితం చూసి రక్తం ఏడే ఉన్నది, పదకొండు ఉండాలె, ఏడో నెల పడ్డది, గిట్లనే ఉంటె సూర్యాపేటకు తోల్తం, రక్తం ఎక్కియ్యాలె అన్నది, అని ఊరుకోలేదు, ఏం పెడ్తున్నవమ్మా నీ కోడలికి అన్నది, బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు, నా ముఖం మీద ఉమ్మినట్టు అయింది, నేను పెట్టనిదేముంది, మునగాకు పప్పు, తోటకూర, బీట్రూటు, రాగి జావ, బెల్లం పల్లీలు, ఖర్జూర పండ్లు, ఐరన్ గోలీలు మింగితే మింగినవి మింగినట్టే బయటికి వస్తాయి, పిల్ల కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ముల్లంగి ముక్కలా ఉంటుంది, నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకొని నిలబడుతుంది, నిలబడి నన్ను చూసి నవ్వుతుంది, ఆ నవ్వు చూస్తే నాకు భయమేస్తుంది, మా చెల్లె పుష్ప కూడా అట్లాగే గోడ పట్టుకొని నవ్వేది, ఏం గాదక్కా జర తల తిరుగుతాంది అనేది, కాన్పులో పోయింది, మంచం కింద పరిచిన గోనె సంచి తడిసిపోయి, రక్తం కట్టలేదు, ఒంట్లో ఉన్నదే కొంచెం, అదీ పోయింది, బిడ్డ కూడా నిలవలేదు, అప్పుడు నా కడుపులో విజేందర్ ఉన్నాడు, నాకేమో మా అత్త తిల్లి కాల్చి పెట్టింది, ఇనుప చువ్వకు గుచ్చి, పైన ఉప్పు చల్లి, తినకపోతే చెవి మెలిపెట్టి, నేను బతికాను, చెల్లెకు పెట్టేవాళ్ళు లేరు, ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది ఏముంది, తిన్నది బతికింది, తిననిది పోయింది, నాకు తెలిసిన వైద్యం ఇదే.

తినడం అంటే అలవాటే గదా, తొలకరి పడ్డ రాత్రి దీపం కింద బేసిన్‌లో నీళ్ళు పెట్టి ఉసిళ్ళు పట్టేవాళ్ళం, రెక్కలు రాల్చి పెంకు మీద వేయించి పేలాల్లో కలిపి పిడికెడు పిడికెడు నోట్లో పోసుకునేవాళ్ళం, ఎంత కమ్మగా ఉండేవో, ఆ మాట చెబితే మల్లీశ్వరి చెవులు మూసుకుంది, పురుగులు అత్తమ్మా అన్నది, ఇంటికి వచ్చిన కొత్తలో నేను బోటి కడుగుతుంటే చూసింది, పేగులు తిప్పి సున్నపు నీళ్ళు పోసి రుద్దుతున్నాను, పాపం పెరట్లోకి పరుగెత్తి బొప్పాయి చెట్టు మొదట్లో వాంతి చేసుకుంది, మళ్ళీ వచ్చి, ఏమనుకోకు అత్తమ్మా, నీ మీద గాదు అని నా కొంగుతోనే మూతి తుడుచుకుంది, ఆ రోజే నాకు ఆ పిల్ల మీద ఇష్టం పుట్టింది, మరి నాకు మాత్రం అసహ్యాలు లేవా, పన్నీరు ఉంది చూడు, పాలు విరిగితే మేం కుడితిలో పోస్తాం, వీళ్ళు ఆ విరిగిన దాన్ని గుడ్డలో కట్టి బండ కింద పెట్టి ముక్కలు కోసి కూర వండుతారట, పాలు పిండుకొని బతికిన దాన్ని నేను, విరిగిన పాల మీద నాకంత రోత, ఒకసారి విజేందర్ పాలకూరలో అవి వేయించి గుడ్డు తెల్లసొన ముక్కలమ్మా అని చెప్పి పెట్టాడు, బాగున్నాయని రెండోసారి పెట్టించుకున్నాను, అప్పుడు మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు చూసుకొని నవ్వారు, సంగతి తెలిసి వాళ్ళ మీద కోపం వచ్చింది, విరిగిన పాలు తిన్నందుకు గాదు, నేను తింటుంటే పక్కన నవ్వుకున్నందుకు, రెండు రోజులు మాట్లాడలేదు, అయినా ఆ పన్నీరు నన్నేం చెయ్యలేదు గదా, ఒంటికి పట్టింది, ఇది కూడా పడుతుంది.

మల్లీశ్వరి పక్కింట్లో మిషను కుట్టే ప్రమీలమ్మ దగ్గరికి జాకెట్టు కుట్లు విప్పించుకోవడానికి పోయింది, ఒంట్లో రక్తం లేదు గాని జాకెట్లు మాత్రం బిగుతవుతున్నాయి, వచ్చేలోపు పని కావాలి, పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టి చువ్వకు గుచ్చి తిప్పాను, చిటపటమని పైన పొర ముడుచుకుంది, ఆ వాసన వాకిటి దాకా పోతుందేమోనని ఇంట్లో సాంబ్రాణి వేశాను, ఆదివారం సాంబ్రాణి ఏందే అని మా ఆయన బీరప్ప గొర్రెల దగ్గరికి పోతూ పోతూ అడిగాడు, దోమలు అన్నాను, పగటి పూట దోమలా అన్నాడు, నువ్వు పో నీ గొర్లకాడికి అన్నాను, పోయాడు, పెండ్లాం మాట దాటని మొగుడు ఉండటం ఒక్కోసారి మేలే, కాలిన తిల్లిని రోట్లో వేసి దంచాను, మెత్తగా తడి మట్టిలా అయింది, రంగు కూడా అదే, మీల్ మేకర్ కూరలో మిరియాలు, ధనియాల పొడి దండిగా వేశాను, ఇందులో కలిపితే తెలిసే సమస్యే లేదు, ఒక్క గరిటె తిప్పడమే, కాని ఆమె గిన్నె అంచున ఎర్ర రంగు చుక్క ఉంది, నేనే పెట్టాను ఆ చుక్క, ఆమె గిన్నెలన్నిటికీ, ఆమె గరిటెకు, ఆమె కత్తిపీటకు, మా నీసు గిన్నెలతో కలవకుండా, ఒకసారి తోడికోడలు తెలియక ఆ గరిటెతో పొట్టేలు కూర కలిపితే ఆ గరిటెను పారేసి కొత్తది తెచ్చాను, మల్లీశ్వరికి చెప్పకుండా, అంత జాగ్రత్త పడ్డదాన్ని ఈ రోజు నా చేత్తో నేను.

వాళ్ళ నాయిన వీరభద్రప్ప గుర్తుకొచ్చాడు, ఎందుకు గుర్తుకు రావాలి ఇప్పుడు, పెళ్ళయిన చాలా రోజులకు ఒకసారి వచ్చాడు, సంచిలో తన నీళ్ళ చెంబు తనే తెచ్చుకున్నాడు, మా ఇంటి చాయ కూడా తాగలేదు, నాకు కోపం వచ్చింది, ఏమయ్యా మా ఇంటి నీళ్ళు కూడా పనికి రావా అని మొహం మీదనే అడిగాను, అతను తల దించుకొని, అక్కా, మీ నీళ్ళకేం దోషం లేదు, మా పెద్దోల్లు నేర్పిన అలవాటు, ఇడిచిపెట్టుడు నా చేతగాదు, మా పిల్ల మీ ఇంట్ల ఏం తింటదో నేను చూడొస్తనా, మీరున్నరని ఇడిచిపోతున్న అన్నాడు, పోయే ముందు బిడ్డ తల మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు, ఆ పిల్ల ఏడ్చింది, నేను నీసు ముట్ట నాయినా అన్నది, ఆ మాట నా ముందే అన్నది, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేనేది పెడితే అది తింటుంది, ఇందులో ఏమేసినవు అత్తమ్మా అని ఒక్క పూట కూడా అడగలేదు, పుట్టింటి నుంచి ఆ పిల్ల తెచ్చుకున్నది రెండు చీరలూ ఆ లింగకాయా, ఇక్కడికి వచ్చాక సంపాదించుకున్నది నా మీద నమ్మకం ఒక్కటే, దాన్ని కూడా రోట్లో వేసి దంచాలా, గరిటె చేతిలో పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, చాప పరుచుకొని కూర్చుంది, రొట్టె పళ్ళెంలో పెట్టాను, మీల్ మేకర్ గిన్నె ఒకటి పెట్టాను, పక్కన తిల్లి గిన్నె ఇంకొకటి పెట్టాను, ఎర్ర చుక్క లేని గిన్నె, చెప్పేశాను, ఇగో బిడ్డా, ఇది నీ కూర, ఇది తిల్లి, కాల్చి దంచిన, రక్తం పడ్తది, మా అత్త నాకు పెట్టింది, నీకు చెప్పకుంట కలుపుదామనుకున్న, మనసొప్పలేదు, తింటవో తినవో నీ ఇష్టం, నేను మాత్రం నిన్ను మోసం జెయ్య అన్నాను, అన్నాక గుండె తేలికైంది, పెద్ద బరువు దించుకున్నట్టు, నేను మంచిదాన్ని అని నాకు నేనే అనుకున్నాను, ఆ పిల్ల రెండు గిన్నెల వైపూ చూసింది, కళ్ళ నిండా నీళ్ళు, కోపం కూడా, ఈ రెండేళ్ళలో నా మీద కోపం చూడలేదు, ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా అన్నది, నాకు అర్థం గాలేదు, ఆమే చెప్పింది, వాసన నాకు ప్రమీలమ్మ ఇంట్ల ఉండంగనే వచ్చింది, సాంబ్రాణి ఏస్తివి, తెల్వదనుకున్నవా, జాకెట్టు కుట్లు విప్పుడు ఎప్పుడో అయిపోయింది, నీ పని అయ్యేదాంక వాళ్ళ అరుగు మీద కూసున్న, కలిపే పెడ్తవనుకొని వచ్చిన, కండ్లు మూస్కొని మింగుదామనుకున్న, నాకు మాత్రం బిడ్డ మీద పానం లేదా, ఇప్పుడు నా చేతితోటి నేను ఎట్ల తియ్యాలె ఆ గిన్నెల నుంచి, మా నాయినకు ఏమని చెప్పుకోవాలె.

పొద్దటి నుంచి ఈ పిల్లను మోసం చెయ్యాలా వద్దా అని నలిగిపోయాను, ఆ పిల్లేమో అక్కడ అరుగు మీద కూర్చొని నేను మోసం చేస్తానని ఎదురుచూసింది, చెప్పి నా బరువు దించుకొని ఆమె ఒళ్ళో పెట్టాను, ఒంట్లో రక్తం లేని పిల్ల ఒళ్ళో, ఆమె పళ్ళెం ముందు నుంచి లేవలేదు, వేలితో రొట్టె అంచు తుంపుతూ, లోపలికి తీస్కపో అత్తమ్మా రెండు గిన్నెలు, ఏం తెస్తవో తే, నేను అడగ, నువ్వు చెప్పకు అన్నది, నేను రెండు గిన్నెలూ ఎత్తుకొని వంటింట్లోకి పోయాను, ఆమె గరిటె తీసుకొని తిల్లిని ఆమె కూరలో వేసి మీల్ మేకర్ ముక్కలు చితికేలా కలిపాను, ఈసారి గరిటె పట్టుకొని నిలబడిపోలేదు, నిజం చెప్పడం కన్నా ఈ పాపం నాది అని మోయడమే ఆ పిల్లకు నేను చెయ్యగలిగిందని తెలిసింది, వీరభద్రప్ప ఎప్పుడైనా వచ్చి నిలదీస్తే నన్ను నిలదీస్తాడు, ఆ దేవుడు నిలదీసినా నన్నే, ఇద్దరికీ జవాబు చెప్పుకునే ఒళ్ళు నాది, గట్టి ఒళ్ళు, తిల్లి తిన్న ఒళ్ళు, గిన్నె తెచ్చి ముందు పెట్టి మీల్ మేకర్ కూర బిడ్డా, తిను అన్నాను, ఆమె తల వంచుకొని మొదటి ముద్ద పెట్టుకుంది, మింగడం కష్టమైంది, నీళ్ళు తాగింది, రెండో ముద్ద పెట్టుకుంది, ఇంకింత ఏస్త అన్నాను, ఎయ్యి అన్నది.