విమానం పొట్ట

మా అల్లుడు కట్టుడుపళ్ళు చేస్తాడు. డాక్టరు అచ్చు తీసి పంపితే దాన్ని బట్టి పళ్ళు తయారుచేసి ఇవ్వడం అతని పని. నా నోట్లో ఉన్నవీ అతను చేసినవే. అతనిచ్చిన పళ్ళతో అతని మీదే పళ్ళు నూరడం ఏం మర్యాద అని చాలాకాలం ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

అతనికి విమానాల పిచ్చి. ఎక్కే పిచ్చి కాదు, కట్టే పిచ్చి. అట్టపెట్టెలో ప్లాస్టిక్ చట్రాలు వస్తాయి. వాటికి రెక్కలు, చక్రాలు, తుపాకులు, మనుషులు అన్నీ కొమ్మకు కాయల్లా వేలాడుతుంటాయి. ఒక్కొక్కటి తుంచి, అంచులు గీకి, అతికించి, రంగులు వేసి, అసలు విమానం ఎలా ఉండేదో అచ్చం అలాగే చెయ్యాలి. బొమ్మ అంటే అతనికి కోపం, నమూనా అనాలి. మా భోజనాల బల్లలో సగం నమూనాది, మిగిలిన సగం మాది. ముద్ద నోట్లో పెట్టుకుంటే థిన్నరు వాసన. మా అమ్మాయి పెళ్ళయిన కొత్తలో పోట్లాడింది. తర్వాత మొగుణ్ణి మార్చడం కన్నా ముక్కును మార్చుకోవడం తేలికని ఊరుకుంది.

ఈసారి అతను పట్టింది యుద్ధకాలపు బాంబర్ విమానం. వానలు మొదలైనప్పుడు కూర్చున్నవాడు వానలు వెనకబట్టేదాకా దాని మీదే కూర్చున్నాడు. ఇంజన్ల వెనక పొగ మరక కోసం నల్ల సుద్దపొడి అద్దాడు. రెక్కల మీది గీతల్లోకి పలచటి నల్లరంగు పారించి పైపైన తుడిచేశాడు. గీతల్లో మిగిలింది ఏళ్ళ తరబడి పేరుకున్న మురికిలా కనబడింది. మనుషులు ఎక్కే దిగే చోట బూట్ల రాపిడికి రంగు లేచిపోయినట్టు స్పాంజి ముక్కతో వెండిరంగు అద్దాడు. చూసి మెచ్చుకున్నాను కూడా. పని పనే. నేనూ చేతిపని చేసి బతికినదాన్నే.

నా పని గడియారాల అద్దాలది. గోడగడియారాల అద్దాలకు లోపలి వైపు నుంచి సన్నకుంచెతో పూలూ అంకెలూ కంపెనీ పేరూ వేసేదాన్ని. లోపల వేసింది బయటికి సరిగ్గా కనబడాలి కనుక అన్నీ తిరగేసి వెయ్యాలి. కంపెనీ పేరు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అది పేరని తెలుసు, ఏం పేరో తెలియదు. నాకప్పటికి చదువు రాదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ లోటు పెద్దగా తెలియలేదు, అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక ఏ సీసాలో దగ్గుమందు ఉందో, ఏ సీసాలో బొద్దింకల మందు ఉందో వాసన చూసి తేల్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు అమ్మాయి నన్ను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. మొదట్లో నేను రాసినవన్నీ తిరగబడి ఉండేవి. చేతికి అదే అలవాటు. అమ్మాయి నవ్వుకుంటూ నా పుస్తకాన్ని అద్దం ముందు పెట్టి చదివేది. మా అమ్మ రాత బాగుపడాలంటే లోకం తిరగబడాలి అనేది.

నా చెయ్యి వణకదని అల్లుడు చిల్లరమల్లర పనులు ఇస్తుంటాడు. ఈ విమానంలో కూర్చునే మనుషులు గోరంత కూడా లేరు. వాళ్ళకు కళ్ళు పెట్టమన్నాడు. చూపు ఎటుండాలని అడిగాను. ముందుకు అన్నాడు. అందరికీ ముందుకే పెట్టాను.

ముక్కలుగా ఉన్నంతకాలం అది ఏ విమానమో నాకు తెలియలేదు. రెక్కలు అతికి ఆరిన రోజున, అతుకులు చూడటానికి అల్లుడు దాన్ని తల మీదికెత్తి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. నేను భోజనాల కంచాలు తీస్తున్నాను. తలెత్తి కింద నుంచి చూశాను. లేత నీలం పొట్ట. దాని మధ్యన రెండు పొడుగాటి తలుపులు. చేతిలో కంచాలు గలగలమన్నాయి. పడలేదు. నేను ఏదీ కింద పడెయ్యను.

కంచాలు మళ్ళీ బల్ల మీద పెట్టి, పొట్ట మీద అతుకు అలాగే ఉందని చెప్పాను. నిజంగానే ఉంది, మొరటుగా కుట్టిన గాయంలా. ఆ తలుపులు తెరిచి పెట్టుకోవచ్చని పెట్టె మీద బొమ్మ కూడా ఉంది. అల్లుడు మూసి అతికించేశాడు.

"కింద ఎవరు చూస్తారు అత్తయ్యా," అన్నాడు. "బల్ల మీద పెడితే పొట్ట కనబడదుగా. పైన బాగుంటే చాలు."

ఆ మాట ముల్లులా దిగింది. మింగలేను, కక్కలేను. నా వంతు కంచం కడిగిందే కడిగాను.

వచ్చే ఆదివారం ఈ నమూనాలు కట్టేవాళ్ళ సంఘం ప్రదర్శన. అప్పటికి విమానం పూర్తి కావాలి. రంగులు పూర్తయ్యాక గుర్తులు వెయ్యాలి. అవి నీళ్ళలో నానబెట్టి జారవిడిచే సన్నటి పొరలు. అన్నీ బాగానే అంటుకున్నాయిగాని విమానం ముక్కు మీద వెయ్యాల్సినది మాత్రం చేతిలోనే చిరిగిపోయింది. అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజుల్లో నడిపేవాళ్ళు విమానాలకు ముద్దుపేర్లు పెట్టి ముక్కు మీద రాసుకునేవారట. దీన్ని నడిపినవాడికి ఇంటి దగ్గర చిన్నకూతురు ఉండేదట. ఆ పిల్లను తలచుకుని పెట్టుకున్నాడట. ఎంత మురిపెంగా చెప్పాడో. మీ రాత గుండ్రంగా ఉంటుంది, మీరే వెయ్యాలి అంటూ కాగితం మీద పేరు రాసి, కుంచె నా చేతిలో పెట్టాడు.

కూడబలుక్కుని చదివాను. చిన్నారి.

చదువు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

"నా చేత్తో దీనికి ఈ పేరు వెయ్యను," అన్నాను.

అల్లుడు నవ్వాడు. అక్షరాలు తిరగబడతాయని భయమా అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి."

పెళ్ళయిన నాటి నుంచీ అల్లుణ్ణి నేను మీరు అనే అన్నాను. జ్వరంలో కలవరిస్తున్నప్పుడు కూడా మీరు అనే అన్నానని అమ్మాయి చెబుతుంటుంది. ఆ మాటకు అమ్మాయి తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, ఆయన్ని నువ్వంటున్నావు," అంది నెమ్మదిగా, నాకు మతి పోయిందేమో అన్నట్టు.

"అన్నాను. ఇంకా అంటాను. నువ్వూ వచ్చి కూర్చో."

మా బడి కూలిపోయింది, అందుకే నా చదువు ఆగిపోయింది అని దానికి చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను. పాత గోడలు, వానకు నాని కూలాయనుకుంది అది. నేను దిద్దలేదు. మా వీధిలో అందరి నోటికీ అలాగే వచ్చేది. బడి కూలిపోయింది, వంతెన కూలిపోయింది, మూలింటివాళ్ళ ఇల్లు కూలిపోయింది. నిలబడీ నిలబడీ కాళ్ళు నొప్పెట్టి వాటంతట అవే కూలబడ్డట్టు. ఆ రోజు మొదటిసారి మాట సరిగ్గా అన్నాను. కూలిపోలేదు. కూల్చారు.

నాకప్పటికి అ నుంచి ఊ దాకా వచ్చు. పలక కడుక్కుని వస్తే ఋ దిద్దిస్తానని పంతులమ్మ నన్ను పెరట్లో కుళాయి దగ్గరికి పంపింది. తడి పలక గౌనుకు తుడుచుకుంటూ తలెత్తితే నెత్తి మీద ఈ పొట్టే. ఎంత శుభ్రంగా ఉందో. మా వీధిలో అంత శుభ్రమైన వస్తువు నేనెన్నడూ చూడలేదు. చూస్తుండగా తలుపులు తెరుచుకున్నాయి. బడిలో పంతులమ్మ ఉంది. పిచ్చుక ఉంది. నా పక్కన కూర్చునే పిల్ల, మెతుకు మెతుకూ ఏరుకుని తింటుందని అందరం పిచ్చుక అనేవాళ్ళం. నేను కుళాయి దగ్గర ఉన్నాను. తర్వాత కుళాయి ఉంది, నేనున్నాను, పలక ఉంది.

"చిన్నారి అంటే ఆ పిచ్చుక," అన్నాను అల్లుడితో. "గోరంత మనుషులకు కళ్ళు పెట్టమన్నావు, పెట్టాను. ఒక్కడైనా కిందికి చూస్తున్నాడా అందులో? బూట్ల గీతలు దిద్దావు, పొగ మరకలు దిద్దావు. కింద ఎవరు చూస్తారని నన్నా అడిగేది?"

అల్లుడి మొహం వాడిపోయింది. తనకేం తెలుసన్నాడు. అది నిజమే, నేను ఎన్నడూ చెప్పలేదు. అంతటితో ఆగితే పోయేది. ఇలాంటి విమానాలు వేలల్లో కట్టారు అత్తయ్యా, మీరు చూసింది ఇదే కాకపోవచ్చు అని ఓదార్చబోయాడు.

"పిచ్చుకలాంటి పిల్లలూ వేలల్లోనే," అన్నాను.

అమ్మాయి ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెయ్యి చాచాను.

"ముక్కు నీది, నీకు నచ్చిన పేరు వేసుకో. పొట్ట నాకివ్వు."

అతను విమానాన్ని నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు. నేను అతుకు గీకుతాననే అనుకుని ఉంటాడు. గీకాను. గరుకు కాగితం నీళ్ళలో తడిపి, గోటికి తగలనంత నున్నగా రుద్దాను. నీలం రంగు పలచగా కలిపి, ఒక పూత ఆరాక ఇంకొకటి వేశాను. అంత శుభ్రంగా ఉండాలి కదా మరి. తర్వాత ఆ మూసిన తలుపుల మీద నల్లరంగుతో నా అక్షరాలు రాశాను. రాస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. కోపం చేతికి మంచి ఊతమని ఆ రోజు తెలిసింది.

ముక్కు మీద పేరు అల్లుడే వేసుకున్నాడు. న కింది ఒత్తు జారి అరటితొక్క మీద కాలేసినట్టుంది. తర్వాత విమానాన్ని తిప్పి పొట్ట చూసి నిట్టూర్చాడు.

"అత్తయ్యా, మళ్ళీ తిరగబడ్డాయి."

నేను నా గదిలో గోడకున్న అద్దం తెచ్చాను. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం. బల్ల మీద పడుకోబెట్టి, దాని మీద విమానాన్ని చక్రాలతో నిలబెట్టాను. అల్లుడు వంగి అద్దంలోకి చూశాడు. కింద మేం ఉన్నాం అని ఉంది. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నేనేమీ అడక్కుండానే అద్దాన్ని పాత తువ్వాలులో చుట్టి, ఆదివారం తీసుకువెళ్ళే పెట్టెలో సర్దాడు. పోనీలే, మనిషే అనుకున్నాను. తొందరపడ్డాను.

ప్రదర్శన గ్రంథాలయం మేడ మీద. ముగ్గురం వెళ్ళాం. పొడుగాటి బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, యుద్ధంలో మనుషుల్ని చంపినవన్నీ వరసగా పెట్టారు. ఒక్కదాని మీదా నెత్తురు చుక్క లేదు. మురికి మాత్రం మహా ముచ్చటగా దిద్దారు. సంఘం పెద్దాయన్ని అల్లుడు చాటుగా కొలబద్ద అంటాడు. ప్రతి రెక్కనూ కొలిచి మార్కులు వేస్తాడట. ఆయన మా బల్ల దగ్గరికి వచ్చి, అద్దం మీద నిలబెట్టిన విమానాన్ని మెచ్చుకుని, అద్దంలోకి చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. అసలు విమానం మీద లేని రాత ఇక్కడెందుకుందని అడిగాడు. చరిత్రకు కట్టుబడాలి కదా అన్నాడు. అద్దం తీసేస్తే మార్కులు వెయ్యడానికి తనకేం అభ్యంతరం లేదట.

అల్లుడు నా వైపు చూశాడు. నేను అతని వైపే చూస్తున్నాను. అతను చూపు తిప్పుకుని, విమానాన్ని ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో అద్దాన్ని లాగి, తువ్వాలులో చుట్టి బల్ల కింద పెట్టేశాడు. పాడు పిల్లవాడు, ఎంత జాగ్రత్తగా చేశాడో ఆ పని. ఎక్కడా గీత పడలేదు.

నేను ముందుకు వెళ్ళి విమానాన్ని రెండు చేతులతో పట్టుకుని వెల్లకిలా తిప్పి బల్ల మీద పెట్టాను. వీపున వెంట్రుకలా నిలబడి ఉండే రేడియో కడ్డీ టప్పున విరిగింది. చక్రాలు పైకి లేచి, చచ్చిన పిట్టలా పడుంది. జనం మెడలు వంచి పొట్ట మీది రాతను చూస్తున్నారు. ఎవరికీ అందడం లేదు.

"రాసినవాళ్ళకు అక్షరాలు సరిగ్గా రానట్టున్నాయి," అన్నాడు వెనక ఎవరో.

"రాసింది నేనే," అన్నాను. "చదువు ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో చెప్పేది ఇదే."

కొలబద్ద ఏదో అనబోయాడు. అసలు విమానాన్ని కింద నుంచి ఎప్పుడైనా చూశారా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడదామనుకున్నాను. ఇంతలో మా అమ్మాయి వంగి, బల్ల కింది నుంచి అద్దం తీసి, తువ్వాలు విప్పింది. మొగుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అద్దాన్ని విమానం పక్కన నిలువుగా పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అద్దంలో చదువుకున్నారు. కొందరు పైకి చదివారు, కొందరు పెదవులతో. దాని చేతులు నొప్పెట్టాయో ఏమో నాకు తెలియదు, నేను అడగలేదు, అది దించలేదు.

మార్కులు రాలేదు. రావాలని నాకూ లేదు.

ఇంటికి వస్తుంటే బస్సులో అల్లుడు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన గోళ్ళు చూసుకుంటూ, నెమ్మదిగా అన్నాడు.

"అత్తయ్యా, రేడియో కడ్డీ విరిగింది."

"అతికించు," అన్నాను. "అతికించి, మళ్ళీ అద్దం మీదే పెట్టు."

ఇప్పటికీ అతను నన్ను మీరు అనే అంటాడు. నేను నువ్వు అనే అంటున్నాను.