గుమ్మంలో లేత్ మెషీన్

పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ క్లాసుకు వర్క్‌షాప్ ఉన్న రోజున అలవాటు ఒకటే. అరవై మంది మగపిల్లలు చొక్కా చేతులు మడిచి మెషీన్ల దగ్గరికి పోతారు. క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల స్టూలు మీద కూర్చుని, వాళ్లు చేసిన పనంతా రికార్డులో రాస్తుంది. దస్తూరీ ముత్యాల్లా ఉందని మాస్టారు మెచ్చుకుంటారు. ఆ మెప్పుతోనే ఏడాది గడిచిపోయింది.

ఏడాది చివర్లో మాస్టారు ఆ పిల్ల తండ్రిని పిలిపించారు. "పిల్ల బుద్ధిమంతురాలే. కానీ ఇనుము పని దీని చేతికి రాదండీ. కంప్యూటర్ల బ్రాంచికి మార్పించండి, హాయిగా ఫ్యాను కింద కూర్చుంటుంది."

తండ్రి ఇళ్లకు రంగులు వేస్తాడు. పెద్దాయన మాట కదా అని దరఖాస్తు మీద సంతకం పెట్టేశాడు. పిల్ల ఏడ్చింది. ఏడుపులు ఎవరు విన్నారు గనక!

దరఖాస్తు ఇచ్చేందుకు ఆఖరి రోజు. పొద్దున్నే తలుపు తీస్తే, కాలేజీలో ఇనుము చెక్కే పాత లేత్ మెషీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. నడిచొచ్చిన ఆయాసానికి నూనె కారుస్తోంది.

పక్కింటావిడ స్కూటరు పక్కకు తీసుకుంటూ, "అమ్మాయ్, మీ చుట్టాన్ని కాస్త జరగమనవే. వీధంతా దానిదేనా?" అంది. తల్లి గచ్చు పాడవుతుందని దాని కింద గోనెపట్టా పరిచింది.

తండ్రి భుజం ఆనించి నెట్టాడు. కదల్లేదు.

"ఆఫీసు మూసేస్తారు. దీన్ని కాస్త కదిలించవే!"

"నాకు రాదు నాన్నా."

"ఏడాది చదివి రాదంటావేంటి?"

"ముట్టుకోనిస్తేగా! వాళ్లు తిప్పుతారు, నేను రాస్తాను."

"ఒక్కసారి కూడా ముట్టుకోలేదా?"

"లేదు."

"మరి నీ చేతికి రాదని ఆయనకెలా తెలిసింది?"

"ఆయన్నే అడుగు."

పిల్ల బెదురుతూనే పిడి మీద చెయ్యి వేసింది. మెషీన్ బుద్ధిగా వెనక్కి తిరిగి, ఆమె నడకకు తన నడక కలిపి కాలేజీ దారి పట్టింది. వెనకాలే తండ్రి. గేటు దాటాక ఎడమవైపు ఆఫీసు, కుడివైపు వర్క్‌షాప్. అతను ఎడమకు తల తిప్పనే లేదు.

"చెయ్యి పెట్టనివ్వకుండానే పని రాదని ఎలా తేల్చారు మాస్టారూ?"

మెషీన్ తన చోట్లో సర్దుకునేదాకా ఆగి మాస్టారు అన్నారు: "ఆడపిల్లండీ. వేలు తెగితే ఎవరిది పూచీ?"

"ఈ అరవై మందివీ ఉక్కు వేళ్లా? తెగితే కుట్లు వేయిస్తాను. వాడక చచ్చుబడిన చేతికి ఏ డాక్టరు కుట్లు వేస్తాడు చెప్పండి?"

ఎవడో కిసుక్కున నవ్వి, మాస్టారి మొహం చూసి మానేశాడు. మాస్టారు గోడకున్న కళ్లద్దాలు తీసి పిల్లకు అందించారు. "జడ ముడేసుకో. కళ్లద్దాలు పెట్టుకో," అన్నారు చివరికి.

పిల్ల చేతిలో మొదటి ఇనప ముక్క పాడైంది. రెండోదీ పాడైంది. ఈలోగా ఆఫీసు కిటికీ మూసేశారు. తండ్రికి ఆ చప్పుడు వినపడింది, కదల్లేదు. తరవాతి ముక్క మీంచి ఇనుము సన్నటి తొక్కలా లేచి, చుట్టలు చుట్టుకుంటూ అతని కాళ్ల దగ్గర రాలింది. వంగి తీసుకున్నాడు.

"కాలుతుంది నాన్నా, పడెయ్!"

"కాలితే కాలనీలే," అన్నాడు, గుప్పిట మూసి.