గేటు లోపల మాత్రమే

బలరాం లైసెన్సు పోయి రెండేళ్ళయింది. స్మృతి నగర్ మలుపులో లారీ నడుపుతుండగా అతనికి మూర్ఛ వచ్చింది. బండి డివైడరెక్కి ఆగింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కానీ, దుర్గ్ రవాణా ఆఫీసులో లైసెన్సు రద్దు చేశారు. పద్దెనిమిదేళ్ళు ఉక్కు ప్లాంటులో డ్రైవరుగా చేసినవాడు అప్పట్నుంచీ టూల్ రూములో స్పానర్లు అందిస్తూ కూర్చున్నాడు.

తొంభై నాలుగు నవంబరులో ప్లాంటు డాక్టర్లు పరీక్షలు చేసి, మందులు పనిచేస్తున్నాయని ఒక అనుమతి కాగితం ఇచ్చారు. ప్లాంటు గేటు లోపల మాత్రమే టిప్పరు నడపాలి. అదీ పగటి వెలుతురులో, నెమ్మదిగా. పక్క సీట్లో మరో మనిషి ఉండాలి. మూర్ఛ ఒక్కసారి వచ్చినా వెంటనే చెప్పాలి. దానికింద బలరాం సంతకం చేశాడు, భార్య నూకమ్మ చేత కూడా చేయించారు. పక్క సీట్లో కూర్చోడానికి ప్లాంటులోనే పనిచేసే నూకమ్మ తమ్ముడు జగ్గయ్య ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి బలరాం వేరే మనిషయ్యాడు. గడ్డం రోజూ గీసుకున్నాడు. కూతురు అమ్ముతో అంత్యాక్షరి ఆడాడు.

పదకొండో రోజు పొద్దున అతను టీ తాగకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. టీ వేడిగా ఉందన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంకా నిద్రమత్తు వదల్లేదనుకుంది నూకమ్మ. ఆరున్నరకి పక్క సర్దుతుంటే తలగడ తిరగేసి ఉంది. దాన్ని ఇవతలికి తిప్పేసరికి రూపాయి బిళ్ళంత నెత్తురు మరక కనిపించింది.

రెండేళ్ళ క్రితమూ ఇంతే. నాలుక కొరుక్కున్నాడు. తెల్లారగట్ట ఆమె బయట నీళ్ళు పడుతున్నప్పుడు మూర్ఛ వచ్చి ఉంటుంది.

"అమ్మూ! సైకిల్ తియ్యే. గేటు కాడికెల్లాలి."

"స్కూలుకి లేటవుతుందమ్మా. ఏమైంది?"

"మీ అయ్యకి మల్లీ ఫిట్స్ వచ్చీసింది. సెప్పకుండా ఎలిపోనాడు. ఏడింటికి బండి తీస్తాడు."

అమ్ము తొమ్మిదో క్లాసు. బ్యాగు పక్కన పడేసి సైకిల్ తీసింది. నూకమ్మ వెనక కూర్చుంది. సెక్టార్ రోడ్డు మీద చలిగాలి మొహానికి కొడుతోంది. పొద్దుటి షిఫ్టు వాళ్ళు వరసగా ప్లాంటు కేసి పోతున్నారు. ఆ మనుషులే లోపల బలరాం టిప్పరు తిరిగే స్క్రాప్ యార్డు పక్కనుంచి నడుస్తారు. జగ్గయ్యకి నాలుగు నెలల పిల్ల. నూకమ్మకి ఆ పిల్ల మొహం ఒకటే కళ్ళముందు మెదిలింది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అడ్డంగా చెయ్యి పెట్టాడు. "క్యా హువా, బేటీ?" అని అమ్మునడిగాడు.

నూకమ్మకి హిందీ అంతంతమాత్రం. బజారు పనులన్నింటికీ అమ్ము నోరే దిక్కు. అమ్ము తల్లి వైపోసారి చూసి, "అంకుల్, మేరే పాపా దవాయీ భూల్ గయే. ఉన్‌కో బులా దీజియే," అంది.

మందులు మర్చిపోయాడనీ, పిలవమనీ చెబుతోందని నూకమ్మకి అర్థమైంది.

"అలా కాదే. ఫిట్స్ అని సెప్పు."

"చెప్తే రిజిస్టర్లో రాసేస్తారు కదా అమ్మా," అంది అమ్ము. "ముందు బయటికి రానీ. మనమే నచ్చజెప్పి ఇంటికి తీసుకుపోదాం. ఎవరికీ తెలీదు."

"ఈలోగా బండి తీస్తే?"

గేటు గోడ మీద గడియారం ఏడుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మందులిక్కడ పెట్టి వెళ్ళండి, టీ టైములో పంపిస్తాం అన్నాడు సెక్యూరిటీ ఆయన. టీ టైమంటే తొమ్మిదిన్నర.

నూకమ్మ కూతుర్ని పక్కకి జరిపింది. "దవాయీ నై భయ్యా. మేరా ఆద్మీ బలరాం. టిప్పర్ డ్రైవర్. ఆజ్ సుబే ఉస్‌కో మిర్గీ ఆయా. గాడీ రోకో."

మూర్ఛ వచ్చింది, బండి ఆపమనేసరికి ఆయన మొహం మారిపోయింది. ఫోను అందుకుని, డయల్ చేయబోతూ ఆగాడు. అమ్ముతో మెల్లగా ఏదో చెప్పాడు.

"ఫోన్ చేస్తే రిజిస్టర్లో ఎక్కుతుందట. నాన్నకి మళ్ళీ బండి ఇవ్వరట. నిజమేనా, బాగా ఆలోచించుకోమంటున్నారు."

మూర్ఛ రావడం నూకమ్మ చూడలేదు, చూసింది మరక ఒక్కటే. "సెయ్యమను," అంది.

లైను కలవలేదు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి కలిసింది. గ్యారేజీలో ఫోర్‌మన్ గోవిందరావు పలికాడు. బండి లోడుతో అప్పుడే బయల్దేరిందనీ, మోటార్ సైకిల్ మీద తానే వెళుతున్నాననీ చెప్పాడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు లోపలినుంచి ఏ కబురూ రాలేదు. లోపల ఎక్కడో సైరన్ మోగితే అమ్ము తల్లి చెయ్యి పట్టుకుంది. అది మామూలు సైరనే అన్నాడు సెక్యూరిటీ ఆయన.

చివరికి బలరాం నడుచుకుంటూ వచ్చాడు. వెనకాల జగ్గయ్య. ఇద్దరికీ ఒక్క గీత కూడా పడలేదు.

"నీకేటి పనే ఇక్కడ?" అన్నాడు బలరాం. "నాకేటయింది సూడు. బాగానే ఉన్నాను కదా. నా బతుకు మీద మన్ను పోసీసినావు."

జగ్గయ్య అక్క దగ్గరికొచ్చి, "అప్పా, పొద్దున బావ తాళం చేత్తో పట్టుకుని ఊరికే అలా సూస్తుండిపోనాడు. రెండుసార్లు పిలిస్తే గానీ పలకనేదు. నానూ అడగనేదు, ఏటనుకుంటాడో అని," అన్నాడు. బలరాం అటు తిరిగి నిలబడ్డాడు.

అనుమతి ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో బలరాం నాలుగు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. నూకమ్మ కూడా బతిమాలలేదు. తప్పు చేశానా అని మాత్రం రోజూ తనని తానే అడుక్కుంది. ఆ రోజు ఏమీ జరగలేదు. తను వెళ్ళకపోయినా జరిగేది కాదేమో. ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలీదు.

అయిదో రోజు సాయంత్రం బలరాం డాక్టరుకివ్వాల్సిన ఫారం పట్టుకుని అమ్ము పక్కన కూర్చున్నాడు. మూర్ఛ ఎప్పుడెప్పుడు వచ్చిందో రాయాలి.

"రాయమ్మా. మొన్న బుధారం తెల్లారగట్ట ఒకటి." అమ్ము రాసేదాకా చూశాడు. "అంతకు ముందు శనారం ఒకటి."

వంటింట్లో నూకమ్మ గరిటె పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. "శనారమా? ఎక్కడ?"

బలరాం అయిదు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"బండిలోనే. యార్డులో ఆగున్నాం. జగ్గడు టీకెల్లాడు. ఆడొచ్చేసరికి తేరుకున్నాను." గొంతు తగ్గించాడు. "ఇంజను ఆన్‌లోనే ఉంది, నూకా."

నూకమ్మ వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. "అది కూడా రాయే," అంది అమ్ముతో.